అమీనా ముద్ద

మొదటి రోజు

మూడో గుమ్మటానికి చేరాను. బండిలో వస్తున్నంతసేపూ ఎర్రదుమ్ము తప్ప ఇంకోటి కనబడలేదు. నడుం రెండు ముక్కలైంది. పెద్ద గుమ్మటంలో కోర్టు అమీనాగా చేరి ఇరవై ఏళ్ళు దాటింది గానీ, ఒక మనిషిని ఖాళీ చేయించడానికి ఇంత దూరం రావడం ఇదే మొదలు.

రోజూ దినచర్య రాసి శిరస్తదారు దాలినాయుడికి రేడియోలో చదివి వినిపించాలి. అందులో సొంత గోల ఉండకూడదని నియమం. ఆ నియమం రాసినవాడు ఒక్కరోజైనా ఎవరింట్లోనైనా అమీనాగా కూర్చున్నాడో లేదో నాకు తెలీదు. సొంత గోల రాస్తాను, చదివేటప్పుడు దాటేస్తాను.

ఈ గుమ్మటంలో ఇప్పుడున్నది ఒక్కడే మనిషి. పేరు గౌరీసు, గాలి మిషన్ మేస్త్రీగా చేసేవాడు. మిగతావాళ్ళంతా పగుళ్ళకి భయపడి పెద్ద గుమ్మటానికి వచ్చేసి ఏళ్ళైంది. ఇతనొక్కడూ రాలేదు. ఎన్ని కబుర్లు పంపినా రాలేదు. చివరికి పీఠం ఖాళీ ఉత్తర్వు ఇచ్చింది. పీఠమంటే మా కోర్టు మిషనే, జడ్జీలు మనుషులుగా ఉన్న కాలం నేను చూళ్ళేదు.

వచ్చీరాగానే ఒళ్ళు మండింది. గడప గదికి రెండు తలుపులుంటాయి. లోపలి తలుపు పడితేగాని బయటి తలుపు తెరుచుకోదు, లేకపోతే ఇంట్లో గాలంతా బయటికి పోతుంది. ఆ లోపలి తలుపు వెయ్యమని బయట నిలబడి ఎంత పిలిచినా గౌరీసు వెయ్యలేదు. ఆఖరికి కోర్టు తాళం తిప్పి బయటినుంచే ఆ తలుపు పడేలా చేసుకున్నాను. గడప ఊరిది, ఇంటిది కాదు కాబట్టి దాన్ని ముట్టుకోవచ్చు. ఎంత పొగరు, అమీనాని గుమ్మంలో నిలబెడతాడా అనుకుంటూ లోపలికొచ్చాను. చూస్తే మనిషి వెనకగదిలో గోడకి ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు.

ఉత్తర్వు చదివాను. విన్నాడు. "దండాలమ్మా. ఆకలితో వొచ్చుంటారు. అంబలి కాచీసాను" అన్నాడు.

చోడి అంబలి, నాచు వేపుడు పెట్టాడు. తింటుంటే ఎదురుగా కూర్చుని, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పకూడదు.

మూడో రోజు

మా ముందుతరాల వాళ్ళని భూమ్మీద సముద్రం పక్క ఊళ్ళలోంచి రెక్కపట్టుకుని ఈడ్చేశారట. ఈ ఎర్రనేల మీదికొచ్చాక వాళ్ళు మొట్టమొదట రాసుకున్న చట్టం అందుకే అదైంది. ఖాళీ చేయించే అమీనా మనిషి మీద చెయ్యి వెయ్యకూడదు, ఇంట్లో వస్తువు మీదా వెయ్యకూడదు. వెళ్ళమని అడగకూడదు. బతిమాలకూడదు, బెదిరించకూడదు. ఆ మనిషిని 'మీరు' అనే పిలవాలి. ఉత్తర్వు ఒక్కసారి చదివి, ఆ ఇంట్లోనే ఉండి, వాళ్ళు పెట్టింది తిని కూర్చోవాలి. ఇంటిమనిషి తన పొయ్యి తన చేత్తో ఎత్తుకుని ఎప్పుడు గడప దాటితే అప్పుడు ఖాళీ అయినట్టు.

అలా తినే కూటినే అమీనా ముద్ద అంటారు. వినేవాళ్ళకి వింతగా ఉంటుంది గానీ, పని చేస్తుంది. రోజూ ఎదురుగా కూర్చుని, నోరెత్తకుండా తమ కూడు తినే మనిషిని ఎవరూ ఎక్కువ కాలం ఓర్చుకోలేరు. రెండో వారం తిరక్కుండా పొయ్యి లేస్తుంది. తిన్నదాని రుచి గురించి కూడా మాట్లాడకూడదు. బాగుందంటే ఇంకాస్త పెట్టమన్నట్టు, బాగోలేదంటే ఇంటిని చిన్నబుచ్చినట్టు.

దీనివల్ల జరిగేదేమిటంటే, ఊళ్ళో నన్ను ఎవరూ భోజనానికి పిలవరు. అమీనా చెయ్యి కడిగిన ఇల్లు ఖాళీ అవుతుందని వాళ్ళ భయం. పెళ్ళికి పిలుస్తారు, అక్షింతలేసి వచ్చేయాలి. దాలినాయుడు ఇన్నేళ్ళుగా నా పక్క బల్ల దగ్గరే పని చేస్తున్నాడు, మంచివాడే. అయినా మధ్యాహ్నం నేను గిన్నె తెరిస్తే చాలు, "నేను తినేసొచ్చాను తవిటమ్మా" అంటూ లేచిపోతాడు. నేనే ఖాళీ చేయించినవాళ్ళ ఇళ్ళలో తప్ప నాకు ఇంకొకరి చేతి వంట తెలీదు.

ఇవాళ గౌరీసు ఇంట్లో గాలి ఎంతుందో చెప్పే ముల్లు చూసి, అగరొత్తి వెలిగించుకుని గోడల వెంట తిరిగాడు. పొగ ఎటు లాగితే అక్కడ పగులు ఉన్నట్టు. జిగురు పూస్తూ పోయాడు. వెనకగదిలో పొగ తాడులా సాగి ఒకే మూలకి పోయింది. అక్కడ ఎంత జిగురు పూసినా ఆగదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ గది తలుపు మూసేస్తే తీరిపోతుంది. ఒక గది పోతే పోయింది, మిగతా ఇల్లు ఏడాది పైన బతుకుతుంది. మూయలేదు.

అప్పుడు గమనించాను. ఇంట్లో ఒక్క తలుపూ మూసి లేదు. ప్రతి తలుపునీ తాడుతో గోడకి కట్టేశాడు, కింద రాయి కూడా పెట్టాడు.

అయిదో రోజు

గౌరీసు తనంతట తనే చెప్పాడు. నేను అడక్కూడదు కానీ వినొచ్చు.

ఇతని పేరు మీద మా కోర్టులో కాగితాలు చాలానే ఉన్నాయి. బయటివాళ్ళకి అన్నీ తీసెయ్యడమే, మాకు కాదు. కొలువులోంచి తీసేస్తే ఉద్వాసన. దావాని ఒక పీఠం నుంచి ఇంకో పీఠానికి తీసుకుపోతే బదిలీ. ఇంట్లోంచి మనిషిని పంపితే ఖాళీ. ఊరి పట్టీలోంచి పేరు తీస్తే కొట్టివేత. తీర్పులో ఒకరి గురించి రాసిన మాటని చెరిపేస్తే తుడుపు. మొదటి నాలుగూ ఎప్పుడూ ఉండేవే. తుడుపు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కటీ చూళ్ళేదు.

ఇతను అడిగింది తుడుపు. అప్పట్లో నారు గది పగిలిపోయినప్పుడు ఆ గది తలుపు మూయాల్సినవాడు ఇతనే. విచారణ జరిగింది. 'మేస్త్రీ తలుపు ఆలస్యంగా వేశాడు, అందువల్ల గుమ్మటం గాలి నష్టపోయింది' అని రాసి ఉద్వాసన ఇచ్చారు. ఆ 'ఆలస్యంగా' అన్న మాట తుడిచెయ్యమని ఇతను దావా వేశాడు. మా పీఠానికి అది కొరుకుడు పడక పైపీఠానికి బదిలీ చేసింది. పైపీఠం ఎక్కడో ఆకాశంలో తిరిగే దాంట్లో ఉంది. దానికి తొందర లేదు.

"దావా వేసిన చోటే మనిషుండాల కదమ్మా. నాను గడప దాటితే దావా పడిపోద్ది. ఆ మాట అలాగే ఉండిపోద్ది" అన్నాడు.

నిజమే, చట్టం అలాగే ఉంది. కానీ ఒక్క మాట కోసం కారిపోతున్న గుమ్మటంలో కూర్చోవడమేమిటని నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకుని అంబలి తాగాను. ఉప్పు సరిపోయిందా అన్నాడు. ఇవాళా తక్కువైంది. చెప్పలేదు.

తొమ్మిదో రోజు

దుమ్ముగాలి మొదలైంది. ఇలాంటిది చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే. రేడియో గొడుగు ఎటో ఎగిరిపోయింది. దాలినాయుడి గొంతు సగంలో తెగిపోయింది. దినచర్య వినిపించడానికి ఎవరూ లేరు కాబట్టి ఇకమీదట సొంత గోల దాటెయ్యక్కర్లేదు.

ఎండ పలకల మీద దుమ్ము పేరుకుంటే గాలి మిషన్ ఆగిపోతుంది. గౌరీసు లోపలినుంచే ఏదో పొడుగు కర్ర తిప్పి తుడుస్తాడట, అది విరిగిపోయింది. బయటికెళ్ళి తుడవాలి. అతను కదల్లేదు. పలకలు ఇంటి బయటివి కాబట్టి చట్టం అడ్డురాదు. గాలి తొడుగు వేసుకుని నేనే వెళ్ళాను. గడప గదిలో లోపలి తలుపు నేను మూస్తుంటే గౌరీసు చెవులు మూసుకుని వెనకగదికి పరిగెత్తినంత పని చేశాడు. నేను తిరిగొచ్చేసరికి మాత్రం వేడిగా ఉలవచారు కాచి పెట్టాడు.

అమీనాని నేను, అడక్కూడదు.

లెక్క తప్పిన రోజు

దుమ్ము ఆగలేదు. ఎన్ని రోజులైందో వేళ్ళ మీద లెక్కపెట్టి, మధ్యలో తప్పి, వదిలేశాను.

పొద్దున్న నేను పలకలు తుడిచొస్తాను. అతను పగుళ్ళకి జిగురు పూస్తాడు. ఇద్దరం కూర్చుని తింటాం. అతను మాట్లాడతాడు, నేను వింటాను. నూకాలప్ప అని అతనికో అక్క ఉండేదట. తల్లి పోతే ఎత్తుకుని పెంచింది. నారు గదిలో మొక్కలు పెంచే పని ఆవిడది. పుట్టగొడుగుల కూర ఆవిడ చేసినట్టు ఇంకెవరూ చెయ్యలేరని చెప్పి, అదే కూర చేసి పెట్టాడు. ఎప్పటిలాగే ఉప్పు గురించి అడిగాడు. నేను ఎప్పటిలాగే పలకలేదు. అంత బాగున్న కూర తిని నోరు మూసుకోవడం ఎంత కష్టమో అమీనా పని చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఒక సంగతి రాసుకోవాలి. ఇంతకుముందు ఎవరింట్లో కూర్చున్నా పొయ్యి ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూసేదాన్ని. ఇక్కడ అలా లేదు. పొద్దున్నే వంటగదిలో గిన్నె చప్పుడు వినబడితే మనసు కుదుటపడుతోంది. ఈ మనిషి నాకోసమే వండుతున్నాడు, నన్ను చూసి చిరాకుపడ్డం లేదు. ఖాళీ కాకపోతే బాగుణ్ణనిపించింది. అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది, ఎందుకంటే గాలి ముల్లు దిగిపోతోంది. ఇవాళ మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. అతనికీ వస్తోంది, దగ్గు కింద కప్పేస్తున్నాడు.

ఆ వెనకగది తలుపు మూసుంటే సరిపోయేది. ఇప్పుడు పగులు గోడ వెంట పాకి తలుపు దాటి ఇవతలికొచ్చింది. నా ఎదురుగానే వచ్చింది. చెయ్యి చాచి ఒక తాడు విప్పితే ఆగిపోయేది, ఆ చెయ్యి చట్టం కట్టేసింది.

రేడియో పలికిన రోజు

గాలి ఆగింది. దుమ్ములో కూరుకుపోయిన గొడుగు దొరికితే తెచ్చి నిలబెట్టాను. దాలినాయుడి గొంతు వినబడగానే నిజంగా ఏడుపొచ్చింది. ఆ సంబరం ఎంతోసేపు లేదు.

"తవిటమ్మా, బతికే ఉన్నావా తల్లీ" అన్నాడు. తర్వాత కాసేపు నసిగాడు. "నీకో సంగతి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీడం లేదు."

"ఎలాగోలా చెప్పు."

"నీకు ఉద్వాసన ఇచ్చారు."

వరసగా వారం రోజులు దినచర్య పంపని అమీనాని పీఠం తీసేస్తుంది. దుమ్ముగాలి అని చెప్పేవాళ్ళు ఉండాలి కదా, చెప్పడానికి నేను ఇక్కడున్నాను. దాలినాయుడు చెప్పాడట, అమీనాయే చెప్పాలని పీఠం అందట. గొడుగు ఎగిరిపోయిన వారానికే నా కొలువు పోయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా నేను అమీనానని అనుకుంటూ నోరు కుట్టుకుని కూర్చున్నాను.

"ఇంకా ఉంది" అన్నాడు దాలినాయుడు. "అమీనా కానివాళ్ళు నెల్లాళ్ళు ఒక పొయ్యి మీద తింటే ఆ ఇంటి మనుషులే కదా. నువ్వు తిరిగి రాలేదు. అంచేత నీ పేరు ఇక్కడి పట్టీలో కొట్టేసి మూడో గుమ్మటంలో రాసింది పీఠం. నీ గది ఎవరికో ఇచ్చేశారు. నీ సామాన్లు నేను కోర్టు అరుగు మీద పెట్టించాను."

ఎన్ని ఇళ్ళలో ఉత్తర్వు చదివానో, వాళ్ళ ముఖాలు ఎందుకలా మారేవో ఇప్పుడు తెలిసింది. మనిషిని నిలబెట్టి, ఒంట్లోంచి ఒక్కొక్కటే లాక్కున్నట్టుంది.

"ఖాళీ ఉత్తర్వు కూడా పడిపోయింది" అన్నాడు. "ఒంటిమనిషిని ఖాళీ చేయించొచ్చు గానీ ఇద్దరున్న పొయ్యిని కదిలించాలంటే ఊరంతా ఒప్పుకోవాలి. ఇప్పుడు అక్కడ ఇద్దరున్నారు."

"ముల్లు అడుక్కొచ్చేసింది నాయుడూ."

"తెలుసు. అందుకే చెప్తున్నాను. వచ్చెయ్. అతనొస్తే తీసుకురా, రాకపోతే నువ్వైనా వచ్చెయ్."

అదే రోజు, సాయంత్రం

గౌరీసుకి అంతా చెప్పాను. నా కొలువు పోయిందంటే నొచ్చుకున్నాడు. ఉత్తర్వు పడిపోయిందని వినగానే మాత్రం ముఖం వెలిగింది.

"అయితే మనల్ని ఎవరూ కదపలేరు. దావా తేలేదాకా ఉండిపోవచ్చు. మీకు ఆ ముందుగది సర్దీస్తాను అమీనమ్మా."

ఇన్నాళ్ళూ మింగినదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"అమీనాని కాదు నేను. అందుకే ఇప్పుడు చెప్తున్నాను, విను. ఒరే గౌరీసూ, నీకు బుద్ధుందా? చట్టం వదిలేస్తే గాలి వదిలేస్తుందా? ఆ వెనకగది తలుపు మూసుంటే ఏడాది ఉండేవాళ్ళం. ఎన్ని రోజులు నా కళ్ళెదురుగా కారిపోనిచ్చావు! ఒక్క మాట కోసం చచ్చిపోతావా, పక్కన ఇంకో మనిషి ఉంది, అది కూడా చస్తుందని లేదా?"

ఎవరినైనా 'నువ్వు' అని తిట్టి ఎన్నేళ్ళైందో. అంటూనే లేచి, వెనకగది తలుపు తాడు విప్పబోయాను. ఇప్పుడు మూసినా నాలుగు రోజులు కలిసొస్తాయి, అంతే. గౌరీసు అడ్డం వచ్చి తలుపు రెక్క పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు, అక్కడే కూలబడిపోయాడు.

"అప్ప పరిగెత్తుకొస్తంది" అన్నాడు.

నారు గది పగిలినప్పుడు నూకాలప్ప ఆ చివర ఉందట. గంట మోగిన వెంటనే తలుపు వెయ్యాలి. ఇతను వెయ్యలేదు, ఆగాడు. ఆవిడ నారుమళ్ళ మధ్య పరిగెత్తుకొస్తోంది, ముల్లు పడిపోతోంది, వెనక గుమ్మటం నిండా పిల్లాపెద్దా ఉన్నారు. ఇక ఆగలేక వేసేశాడు.

"ఇంకో నాలుగు అంగలేస్తే వొచ్చీసేది అప్ప. నాను సూసాను. ఆళ్ళు ఆలస్యంగా వేసానని రాసినారు. ఆలస్యం కాదమ్మా, తొందరపడిపోనాను. తొందరపడ్డానని రాయమంటన్నాను. ఎవలికీ అర్థం కాదు."

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదట. విచారణలో పీఠం టైములు అడిగింది. ఊళ్ళోవాళ్ళు వెళ్ళిపోయే తొందరలో ఉన్నారు. నేను అడక్కూడని మనిషిని. పక్కన చతికిలబడ్డాను. నువ్వు చేసింది సరైందేనని చెప్పేదాన్నే గానీ, అది అతనికి అక్కర్లేదు.

కాసేపటికి చెప్పాల్సింది చెప్పాను. "గౌరీసూ, నాకు ఇల్లు లేదు, కొలువు లేదు. ఇన్నేళ్ళు బతికి, నాతో కూర్చుని తినే మనిషిని ఇక్కడే చూశాను. నువ్విక్కడే ఉంటానంటే నేనూ ఉండిపోతానేమోనని భయంగా ఉంది. నాకు చావాలని లేదు. రా, వెళ్దాం."

అతను లేచి వెళ్ళి పొయ్యి మీద గిన్నె పెట్టాడు.

బయల్దేరిన రోజు

పొద్దున్న లేచేసరికి గౌరీసు పొయ్యి తీగలు విప్పి, తుడిచి, చీరముక్కలో మూట కట్టేస్తున్నాడు. పాత చీర, ఎవరిదో అడగలేదు. అడగొచ్చు, అయినా అడగలేదు.

తొడుగులు వేసుకుని గడప గదిలోకి వచ్చాం. పొయ్యి అతని చంకలో ఉంది. ఇక లోపలి తలుపు వెయ్యాలి. నేను రెక్క తోశాను. అంచు దగ్గర అతని చెయ్యి అడ్డం ఉంది. పట్టుకున్నాడు, వదలడం లేదు.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాడు.

లోపలికి చూస్తున్నాడు. ఖాళీ నడవా, తాళ్ళతో కట్టేసిన తలుపులు, ఆ చివర నారు గది గోడ. అతను ఎవరికోసం ఆగమన్నాడో తెలిసింది.

"ఎంతసేపంటే అంతసేపు ఆగుదాం. ఈసారి వెనకాల ఎవరూ లేరు, తొందర లేదు" అన్నాను.

నిలబడ్డాం. ఇద్దరం నడవాలోకే చూస్తున్నాం. తొడుగులో గాలి తరుగుతోంది, బండి దాకా చాలితే చాలనుకున్నాను. నేను కూడా నిజంగానే ఎదురుచూశాను. ఏ గది మలుపులోంచో ఆవిడ రొప్పుకుంటూ వస్తుందని, వస్తే లోపలికి లాక్కుని తలుపు వేసుకోవచ్చని. మనసుకి ఎంత చెప్పినా వినలేదు.

చాలాసేపటికి గౌరీసు అన్నాడు, "రాదు కదా."

"రాదు" అన్నాను.

అయినా వేళ్ళు విడవలేదు. విడవాలని ఉంది, రావడం లేదు. ఇరవై ఏళ్ళుగా ఎవరి మీదా వెయ్యని చెయ్యి నాది. ఏడుస్తున్న ఆడవాళ్ళని చూశాను, పొయ్యి ఎత్తలేక తూలిన ముసలివాళ్ళని చూశాను, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. ఇవాళ ఆ చెయ్యి తీసుకెళ్ళి అతని చేతి మీద వేశాను. తొడుగు మందంగా ఉంది, వెచ్చదనం లాంటిదేమీ తెలీలేదు. కొంచెం నొక్కాను. అతని వేళ్ళు అంచు మీంచి జారి తలుపు మీదికి వచ్చాయి. ఇద్దరం కలిసి తోశాం.

తలుపు పడింది. బయటి తలుపు తెరుచుకుంది.

పెద్ద గుమ్మటం

వచ్చి రెండు రోజులైంది. కోర్టు అరుగు మీద ఉంటున్నాం. నా సామాన్లు అక్కడే ఉన్నాయి, పెద్దగా ఏం లేవు. మా ఇద్దరి పేర్లూ మూడో గుమ్మటం పట్టీలో ఉన్నాయి, ఆ గుమ్మటానికేమో నిన్న ఊరివాళ్ళు వెళ్ళి గాలి తీసేసి సీలు వేశారు. పేర్లు ఇక్కడికి మార్చడానికి టైము పడుతుందన్నాడు దాలినాయుడు. అందాకా ఎవరి వాకిట్లోనూ మాకు చోటు లేదు. ఈ దినచర్య ఎవరికీ వినిపించక్కర్లేదు, అలవాటు పోక రాస్తున్నాను.

దారిన పోయేవాళ్ళు నన్ను చూసి తలొంచుకుని పోతున్నారు. అమీనాని కాదని అందరికీ తెలుసు. అయినా ఇన్నేళ్ళ భయం ఒక్కరోజులో పోదు.

ఇవాళ మధ్యాహ్నం దాలినాయుడు కాగితం పట్టుకొచ్చాడు. పైపీఠం చివరికి పలికింది. దావా వేసిన మనిషి స్థలం విడిచాడు కాబట్టి దావా కొట్టేశామని ఒకే వాక్యం రాసింది. 'ఆలస్యంగా' అన్న మాట ఉన్నచోటే ఉంటుంది, ఇక దాన్ని ఎవరూ తుడవరు. దాలినాయుడు కాగితంలోంచి తలెత్తకుండా చదివాడు. పాపం, అతనికిష్టం లేని పని.

గౌరీసు పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని అంబలి కలుపుతున్నాడు. విన్నాడు. గరిటె ఒకసారి ఆగింది. లాక్కొచ్చి అతనికి ఉన్న ఒక్కటీ పోగొట్టానా అనుకున్నాను. మళ్ళీ గరిటె తిరిగింది.

"నాకు తెలుసు కదండీ తొందరపడ్డానని. మీకూ తెలుసు" అన్నాడు నాతో. తర్వాత దాలినాయుడి వైపు తిరిగి, "కూకోండి బాబూ, తిందురు గాని" అన్నాడు.

"నేను తినేసొచ్చాను" అన్నాడు దాలినాయుడు. అన్నాడే గానీ కదల్లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి అరుగు చివర, మాకు కొంచెం దూరంగా కూర్చున్నాడు. తినలేదు. కూర్చున్నాడు, అంతే.

గౌరీసు నా గిన్నెలో పోసి ఎదురుగా కూర్చున్నాడు. మొదటి గుక్క తాగేదాకా చూసి, ఎప్పటిలాగే అడిగాడు.

"ఉప్పు సరిపోయిందా?"

ఎప్పటిలాగే నోరు మూసుకోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది.

"తక్కువైంది" అన్నాను. "రోజూ తక్కువే వేస్తున్నావు."

అతను ఉప్పు డబ్బా తెచ్చి చిటికెడు వేశాడు. కలుపుకుని తాగాను.